డ్రైవర్లకు వైద్య పరీక్షలు పెడితే రోడ్డు ప్రమాదాలు తగ్గుతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారు లైసెన్సు రెన్యువల్ కోసం కంటి పరీక్షకు వెళ్లారు. చార్టు మీది అక్షరాలు చివరి వరస దాకా చదివి, ‘ఫిట్’ అని రాయించుకుని వచ్చారు. ఏడాది తర్వాత కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్తే, నీటికాసుల జబ్బు (గ్లకోమా) వల్ల రెండు కళ్లకూ పక్క చూపు చాలావరకు పోయిందని తేలింది. ఆ ఏడాదంతా ఆయన కారు నడుపుతూనే ఉన్నారు, మేమంతా అందులో కూర్చుంటూనే ఉన్నాం. అప్పటినుంచి ఈ పరీక్షల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు నేను తెలుసుకున్న జవాబులు కింద రాశాను. నేను డాక్టర్‌ని కాదు కాబట్టి మీ జబ్బు సంగతి మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

డ్రైవర్ల మెడికల్‌లో అసలు ఏం చూస్తారు?

మామూలుగా చూపు, వినికిడి, బీపీ, షుగర్, గుండె, కాళ్లూ చేతుల కదలిక చూస్తారు. ఫిట్స్ వచ్చాయా, ఎప్పుడైనా స్పృహ తప్పిందా, మద్యం అలవాటు ఉందా, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. ఈ రెండో భాగానికి జవాబులు చెప్పేది డ్రైవరే. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద దీంతో చాలా పని పడుతుంది.

ఎవరికి ఎంత గట్టి పరీక్ష అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఐరోపా సమాఖ్యలో కారు నడపాలంటే రెండు కళ్లతో కలిపి కనీసం 6/12 చూపు (మామూలు చూపున్నవారు 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం), అడ్డంగా 120 డిగ్రీల దృష్టి పరిధి (తల తిప్పకుండా ఎదురుగా చూస్తూనే పక్కలకు కనిపించే మేర) ఉండాలి. అమెరికాలో లారీ, బస్సు డ్రైవర్ల మెడికల్ సర్టిఫికెట్ రెండేళ్లకు మించి చెల్లదు. 2014 నుంచి దాన్ని జాతీయ రిజిస్టర్‌లో పేరున్న పరీక్షకులే ఇవ్వాలి. బ్రిటన్‌లో కారు డ్రైవర్లు 70 ఏళ్లు దాటాక మూడేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్ చేసుకోవాలి, కానీ డాక్టర్ పరీక్ష ఉండదు. ‘నా ఆరోగ్యం బాగుంది’ అని తామే రాసిస్తే చాలు. భారతదేశంలో మామూలు వాహనానికి సొంత ప్రకటన సరిపోతుంది. 40 దాటినవారికి, రవాణా వాహనాలు నడిపేవారికి డాక్టర్ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం (ఫారం 1ఏ) కావాలి.

డ్రైవర్ అనారోగ్యం వల్ల జరిగే ప్రమాదాలు ఎన్ని?

నడుపుతూ ఉండగానే స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం, గుండెపోటు రావడం లాంటి వాటి లెక్క తీసుకుంటే తక్కువే. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2009లో ప్రచురించిన విశ్లేషణలో ఇలాంటివి మొత్తం ప్రమాదాల్లో 1.3 శాతం. అందులోనూ పెద్ద వాటా ఫిట్స్‌ది. ఆ తర్వాత స్పృహ తప్పడం, షుగర్‌కు సంబంధించిన సమస్యలు, గుండెపోటు, పక్షవాతం.

వేగం, మద్యం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం, రోడ్డు తీరు ముందు ఇది చిన్న అంకె. అందుకే మెడికల్ పరీక్షలు పెట్టగానే ప్రమాదాలు సగానికి పడిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఈ 1.3 శాతంలోకి రానివి కొన్ని ఉన్నాయి. మెల్లగా మసకబారే చూపు, సరిగ్గా పట్టని నిద్ర, మత్తు తెచ్చే మందులు, మతిమరుపు. వీటి వల్ల జరిగిన ప్రమాదం పోలీసు రికార్డులో ‘అజాగ్రత్త’ అనో, ‘అదుపు తప్పింది’ అనో పడుతుంది తప్ప జబ్బు పేరుతో ఎక్కడా నమోదు కాదు.

మరి పరీక్షలు పెట్టినచోట ప్రమాదాలు తగ్గాయా?

అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, అందరినీ ఎక్కువగా నిరాశపరిచే జవాబూ ఇదే. ఒక వయసు దాటిన వాళ్లందరినీ పిలిచి పరీక్ష చేసే పద్ధతికి గట్టి ఆధారం దొరకలేదు.

ఫిన్లాండ్, స్వీడన్ పక్కపక్క దేశాలు. వాతావరణం, రోడ్లు, బతుకు తీరు చాలావరకు ఒకటే. ఫిన్లాండ్‌లో 70 ఏళ్ల నుంచి లైసెన్సు రెన్యువల్‌కు డాక్టర్ పరీక్ష తప్పనిసరి చేశారు, స్వీడన్‌లో వయసును బట్టి ఏ పరీక్షా లేదు. 1996లో ఈ రెండింటినీ పోల్చి చూస్తే, ఫిన్లాండ్ పెద్దవాళ్ల కారు ప్రమాదాలు తక్కువేమీ లేవు. పైగా నడుస్తూనో, సైకిల్ మీద వెళ్తూనో చనిపోయే వృద్ధుల రేటు అక్కడే ఎక్కువగా ఉంది. డెన్మార్క్ 2006లో 70 దాటినవారి రెన్యువల్‌కు జ్ఞాపకశక్తి, ఆలోచనశక్తి చూసే ఒక చిన్న పరీక్షను చేర్చింది. కొన్నేళ్ల తర్వాత లెక్క చూస్తే వృద్ధ డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాలు తగ్గలేదు. పాదచారులుగా, సైకిలిస్టులుగా మరణించిన వృద్ధులు మాత్రం పెరిగారు, అదే కాలంలో కుర్రవాళ్లలో ఆ పెరుగుదల లేదు. ఆస్ట్రేలియాలో పరీక్షలున్న న్యూ సౌత్ వేల్స్‌ను, అవి లేని విక్టోరియాతో పోల్చినప్పుడు కూడా పరీక్షల వల్ల లాభం కనిపించలేదు.

ఎందుకిలా? పరీక్ష అనగానే భయపడి, నిక్షేపంగా నడపగలిగినవాళ్లు కూడా లైసెన్సు వదిలేసుకుంటారు. కారు వదిలేసినా బజారు పని, ఆస్పత్రి పని మానుకోలేరు కదా, నడిచి వెళ్తారు. 75 ఏళ్ల శరీరానికి కారు లోపలికన్నా రోడ్డు మీదే అపాయం ఎక్కువ. కుర్రవాడైతే లేచి దులుపుకుని వెళ్లిపోయే దెబ్బకు పెద్దాయన ప్రాణం పోతుంది.

అయితే మరోవైపు చూపించే ఆధారమూ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2004లో 80 దాటినవారికి రెన్యువల్ సమయంలో కంటి పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ తర్వాతి మూడేళ్లలో ఆ వయసు డ్రైవర్ల మరణాల రేటు సుమారు 17 శాతం తగ్గింది, అదే సమయంలో రాష్ట్రం మొత్తం మీద అన్ని వయసుల రేటు కాస్త పెరిగింది. అమెరికా రాష్ట్రాలన్నిటినీ పోల్చి 2004లో వచ్చిన మరో పరిశోధనలో, రెన్యువల్‌కు స్వయంగా ఆఫీసుకు రావాలన్న నిబంధన ఉన్నచోట 85 దాటిన డ్రైవర్ల మరణాల రేటు తక్కువగా ఉంది. దానికి పైన ఇంకేవో పరీక్షలు చేర్చినా అదనపు లాభం కనపడలేదు.

నాకు అర్థమైనంతలో, వయసు చూసి అందరికీ వేసే వలలో పెద్దగా ఏమీ పడటం లేదు. ఒక్కో జబ్బును గుర్తించి, వైద్యం చేయించి, మళ్లీ స్టీరింగ్ దగ్గరికి పంపించినచోట మాత్రం ఫలితం స్పష్టంగా కనిపిస్తోంది. కింది జవాబుల్లో అలాంటివి కొన్ని చూస్తారు.

అక్షరాలన్నీ స్పష్టంగా చదవగలుగుతున్నాను. నా చూపు బాగున్నట్టేనా?

కాకపోవచ్చు. చార్టు చూపించేది సూటిగా, వెలుతురులో, కదలని నల్ల అక్షరాన్ని చదవగలరా అన్నది మాత్రమే. రోడ్డు మీద అవసరమయ్యేది పక్కనుంచి పరుగెత్తుకొచ్చే పిల్లాణ్ణి పసిగట్టడం, ఎదురు హెడ్‌లైట్ల వెలుగులో మనిషి ఆకారాన్ని పోల్చుకోవడం.

నీటికాసుల జబ్బు అంచుల నుంచి చూపును తినేస్తుంది. నొప్పి ఉండదు, నల్లమచ్చ కూడా కనిపించదు, ఎందుకంటే లేని భాగాన్ని మెదడు చుట్టుపక్కల దృశ్యంతో పూరించేస్తుంది. మా నాన్నగారికి ఏనాడూ తేడా తెలియకపోవడానికి కారణం అదే. 40 దాటినవాళ్లు అక్షరాల చార్టుతో ఆగకుండా కంటి ఒత్తిడి, కంటి నరం, దృష్టి పరిధి చూసే ఫీల్డ్ టెస్ట్ చేయించుకోవాలా అని కంటి డాక్టర్‌ని అడగండి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే తప్పకుండా అడగండి.

శుక్లాల విషయంలో మంచి వార్త ఉంది. అమెరికాలో శుక్లాలున్న 277 మంది పెద్దవాళ్లను నాలుగు నుంచి ఆరేళ్ల పాటు గమనించారు. ఆపరేషన్ చేయించుకున్నవారి ప్రమాదాల రేటు, చేయించుకోనివారి రేటులో సగమే ఉంది. లైసెన్సు తీసేసుకునే ఆఫీసు చేయలేని పని ఒక చిన్న ఆపరేషన్ చేసింది. ఇలాంటి ఫలితం చదివినప్పుడు నాకు నిజంగా ధైర్యం వస్తుంది.

సర్టిఫికెట్ ఉన్న డ్రైవర్లే స్పృహ తప్పి ప్రమాదాలు చేస్తున్నారు. అదెలా?

ప్రశ్నలకు జవాబు చెప్పేది డ్రైవరే అన్నాను కదా, చిక్కంతా అక్కడే ఉంది.

1999 మే 9న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ దగ్గర ఒక టూరిస్టు బస్సు హైవే దిగి దూసుకుపోయింది. 22 మంది ప్రయాణికులు చనిపోయారు. డ్రైవర్‌కు తీవ్రమైన మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నాయి, దానితోపాటే చెల్లుబాటయ్యే మెడికల్ సర్టిఫికెట్ కూడా ఉంది. అతణ్ణి పట్టుకోలేకపోయిన వైద్య ధ్రువీకరణ పద్ధతి కూడా ఈ ప్రమాదానికి ఒక కారణమని దర్యాప్తు సంస్థ తేల్చింది.

2014 డిసెంబర్ 22న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో చెత్త లారీ నడుపుతున్న డ్రైవర్ స్పృహ తప్పాడు. క్రిస్మస్ ముందు కిక్కిరిసిన వీధిలో ఆరుగురు ప్రాణాలు పోయాయి. అతను 2010లో బస్సు డ్రైవర్‌గా ఉన్నప్పుడు కూడా ఒకసారి స్టీరింగ్ దగ్గరే స్పృహ కోల్పోయాడనీ, ఆ సంగతి ఆ తర్వాత సరిగ్గా బయటపెట్టలేదనీ విచారణలో తేలింది.

ఆ కుటుంబాల బాధ ముందు దాచినవాళ్లను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ ఎందుకు దాస్తారో అర్థం చేసుకోకపోతే ఏ పరీక్షా పనిచేయదు. నిజం చెబితే రేపటి నుంచి జీతం ఉండదు, చెప్పకపోతే ఉంటుంది. అలాంటి ప్రశ్నపత్రం ముందు పెట్టి నిజాయితీ ఆశిస్తే ఎంతమంది నిలబడగలరు? చెప్పినవాడికి వైద్యం, వైద్యం జరిగినన్నాళ్లు స్టీరింగ్ లేని వేరే పని, తగ్గాక పాత ఉద్యోగం దొరుకుతాయన్న నమ్మకం ఉన్నచోటే మనుషులు నోరు విప్పుతారు.

నాకు గురక ఎక్కువ. దానికీ డ్రైవింగ్‌కీ ఏమిటి సంబంధం?

గురకతోపాటు నిద్రలో ఊపిరి ఆగుతూ ఉంటే చాలా సంబంధం ఉంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, ఊపిరి పది సెకన్లో అంతకంటే ఎక్కువో ఆగుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు, గంటకు ఎన్నోసార్లు. పొద్దున లేచాక మాత్రం ఎనిమిది గంటలు పడుకున్నట్టే అనిపిస్తుంది. పగలు కునుకు ముంచుకొస్తుంది.

నిద్రలేమి ఎంత చెడ్డదో 1997 నాటి ఒక ప్రయోగం చూపించింది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరుకు సమానంగా పడిపోయింది. చాలా దేశాల్లో మద్యానికి ఆ మోతాదే చట్టపరమైన హద్దు.

ఇక వైద్యం మాట. అమెరికాలో ఒక పెద్ద లారీ సంస్థ తన డ్రైవర్లకు ఆప్నియా పరీక్ష పెట్టి, జబ్బు ఉన్నవాళ్లకు నిద్రలో గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మెషిన్ ఇచ్చింది. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం, మెషిన్ ఇచ్చినా వాడనివారు చేసిన నివారించదగ్గ తీవ్ర ప్రమాదాల రేటు, ఆ జబ్బు లేని తోటి డ్రైవర్ల రేటుకు అయిదు రెట్లు. మెషిన్ సరిగ్గా వాడినవారిలో ఆ తేడా కనపడలేదు. జబ్బు అదే, మనుషులు చేసే పనీ అదే, తేడా వచ్చింది రాత్రి మెషిన్ పెట్టుకోవడం దగ్గర. వైద్య పరీక్ష రోడ్డు భద్రతకు పనికొస్తుందని ఎవరికైనా చూపించాలంటే నేను ముందు ఇదే చూపిస్తాను.

ఐరోపా సమాఖ్య 2014లో ఈ జబ్బును లైసెన్సు నిబంధనల్లో చేర్చింది. జబ్బు అదుపులో ఉందని వైద్యులు చెబితే లైసెన్సు ఇస్తారు. కారు డ్రైవర్లకు మూడేళ్లకు మించకుండా, లారీ, బస్సు డ్రైవర్లకు ఏడాదికి మించకుండా తిరిగి సమీక్షిస్తారు.

మీకు ఉందో లేదో మీ పక్కన పడుకునేవాళ్లకే ముందు తెలుస్తుంది. ‘నిద్రలో ఊపిరి ఆగి, ఒక్కసారిగా ఎగపీలుస్తున్నావు’ అని వాళ్లు అంటే తేలిగ్గా తీసుకోకండి. మెడ లావుగా ఉండి, బరువు ఎక్కువగా ఉండి, బీపీ మందులకు లొంగకపోతే ఇంకా ముందే డాక్టర్‌ని కలవండి.

షుగర్ ఉంటే నడపకూడదా?

నడపవచ్చు. భయపడాల్సింది ఎక్కువ షుగర్‌కన్నా ఉన్నట్టుండి పడిపోయే షుగర్‌కు. ఇన్సులిన్ వాడేవారికి, కొన్నిరకాల మాత్రలు వాడేవారికి ఈ ముప్పు ఉంటుంది. చెమటలు, చేతుల వణుకు, అయోమయం, ఆ తర్వాత స్పృహ తప్పడం.

ఇన్సులిన్ వాడేవారికి బ్రిటన్‌లో ఇచ్చే సలహా ఎవరికైనా పనికొస్తుంది. బయల్దేరడానికి ముందు రెండు గంటల లోపు ఒకసారి, దారిలో రెండు గంటలకోసారి షుగర్ చూసుకోండి. 90 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే ముందు ఏదైనా తినండి, 72 కంటే తక్కువుంటే అసలు బయల్దేరకండి. దారిలో షుగర్ పడిపోయినట్టు అనిపిస్తే బండి పక్కకు ఆపి, తాళం తీసేసి, తీపి ఏదైనా తీసుకోండి. షుగర్ మామూలుకు వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగాలి, మెదడు కుదుటపడటానికి అంతసేపు పడుతుంది. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

ఫిట్స్ వచ్చినవారు మళ్లీ ఎప్పటికీ నడపలేరా?

చాలామంది నడపగలరు. ఐరోపా దేశాల్లో సాధారణంగా ఏడాదిపాటు ఫిట్స్ రాకుండా ఉంటే కారు నడపనిస్తారు. లారీ, బస్సుకైతే మందులు లేకుండానే పదేళ్లు ఫిట్స్ రాకుండా ఉండాలి.

గడువు ఎంత పొడవుంటే అంత క్షేమం అనుకోవడం సహజం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం ఆ గడువును 12 నెలల నుంచి 3 నెలలకు తగ్గించినప్పుడు, ఫిట్స్ వల్ల జరిగే ప్రమాదాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. గడువు మరీ పొడవైతే జనం ఫిట్స్ వచ్చిన సంగతి డాక్టర్‌కే చెప్పడం మానేస్తారు. అప్పుడు మందులూ అందవు, జాగ్రత్తా ఉండదు.

మామూలు జలుబు మందుకూ భయపడాలా?

కొన్నిటికి, అవును. పాతతరం అలర్జీ, జలుబు మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి వేసుకున్నవారు, 2000లో జరిగిన ఒక డ్రైవింగ్ సిమ్యులేటర్ ప్రయోగంలో మద్యం తాగినవారికన్నా అధ్వానంగా నడిపారు. నిద్రమత్తు వస్తుందని అట్టపెట్టె మీద రాసి ఉంటే ఆ పూట స్టీరింగ్ ముట్టుకోవద్దు. మగతగా అనిపించకపోయినా చేతులూ కళ్లూ నెమ్మదించే ఉంటాయి.

డాక్టర్ నా సంగతి లైసెన్సు అధికారులకు చెప్పేస్తే?

కొన్ని చోట్ల చట్టప్రకారం చెప్పాలి. కెనడాలోని ఒంటారియోలో డ్రైవింగ్‌కు పనికిరాని స్థితిలో ఉన్న రోగిని డాక్టర్ హెచ్చరించి, అధికారులకు తెలియజేస్తే ఆ పనికి ఫీజు కూడా ఇచ్చే ఏర్పాటు 2006లో మొదలైంది. అలా హెచ్చరిక అందుకున్న లక్ష మందికి పైగా రోగులను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు డ్రైవర్లుగా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు ఏడాదికి వెయ్యికి 4.76 నుంచి 2.73కి పడిపోయాయి, అంటే రమారమి 45 శాతం తగ్గుదల. డాక్టర్ నోటి మాటకు అంత బలం ఉంది.

దానికి చెల్లించిన మూల్యమూ అదే పరిశోధనలో ఉంది. డిప్రెషన్‌తో ఎమర్జెన్సీకి వచ్చినవారు పెరిగారు. హెచ్చరించిన డాక్టర్ దగ్గరికి రోగులు తిరిగి రావడం తగ్గింది. నా అభిప్రాయం అడిగితే, ఆ మాట చెప్పాల్సిందే. కానీ చెప్పి పంపించేస్తే చాలదు, ‘రేపటి నుంచి మీ రాకపోకలు ఎలా?’ అని కూడా ఆ గదిలోనే మాట్లాడాలి.

ఇంట్లో పెద్దవాళ్లకు ‘ఇక నడపకండి’ అని ఎలా చెప్పాలి?

నలుగురిలో చెప్పకండి, ఏదైనా గోడకు రాసుకొచ్చిన రోజున కోపంలో అసలే చెప్పకండి. ముందు వాళ్ల పక్కన కూర్చుని ఒక గంట ప్రయాణించండి. తెలిసిన దారిలోనే తడబడుతున్నారా, సిగ్నల్ ఆలస్యంగా గమనిస్తున్నారా, బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ తికమకపడుతున్నారా, బండి మీద కొత్త గీతలున్నాయా చూడండి. వయసు అంకె కన్నా ఇవే ఎక్కువ చెబుతాయి. తర్వాత డాక్టర్ దగ్గరికి కలిసి వెళ్లండి.

ఒక్కసారిగా మాన్పించనక్కర్లేని సందర్భాలు చాలా ఉంటాయి. రాత్రిపూట, వానలో, హైవే మీద మానేసి, పగలు తెలిసిన వీధుల్లో నడపడం ఒక మధ్య మార్గం. మతిమరుపు జబ్బు ముదిరితే మాత్రం మధ్య మార్గం లేదు, ఎందుకంటే తమకు నడపడం రావట్లేదన్న సంగతి వాళ్లకే గుర్తుండదు. తాళాలు తీసుకునే ముందు ఎవరు ఎప్పుడు ఎక్కడికి తీసుకెళ్తారో రాసి పెట్టండి. ఆ కాగితం లేకుండా తాళాలు తీసుకోవడం అంటే మనిషిని ఇంట్లో పెట్టి గొళ్లెం వేయడమే.

నేను పదిమంది డ్రైవర్లున్న సంస్థ నడుపుతున్నాను. ఏం చేయాలి?

ఏడాదికోసారి క్యాంపు పెట్టి, తూతూమంత్రంగా బీపీ చూసి సంతకాలు పెట్టించే పద్ధతి ఆపండి. ఆ డబ్బుతో దృష్టి పరిధి, ఆప్నియా, షుగర్ పరీక్షలు సరిగ్గా చేయించండి. సంస్థ తన సొంత డాక్టర్‌తో చేయిస్తే ఫలితం ఎవరి చేతికి వెళ్తుందన్న అనుమానం డ్రైవర్‌కు ఉంటుంది, దాన్ని ముందే రాతపూర్వకంగా తేల్చండి. ‘ఇవాళ నాకు ఒంట్లో బాగోలేదు’ అన్న డ్రైవర్‌కు ఆ రోజు జీతం కోయకండి. డ్యూటీ గంటలు చూసుకోండి, ఎందుకంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషిని కూడా పదిహేడు గంటల మెలకువ ఏం చేస్తుందో పైన రాశాను.

మీ నాన్నగారు ఇప్పుడు నడుపుతున్నారా?

లేదు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదాన్ని చుక్కల మందు కాపాడుతోంది. ఆర్నెల్లకోసారి ఫీల్డ్ టెస్ట్‌కు నేనే తీసుకెళ్తాను. మొన్నటి పరీక్షలో కిందటిసారికన్నా తగ్గలేదు.